ప్రార్థన చేసిన ఇనుము

ఇనుములోకి డ్రిల్లు దిగేటప్పుడు వచ్చే కీచుమనే చప్పుడు వింటే నాకు ఇప్పటికీ పళ్లు జివ్వుమంటాయి. పోయిన వారం పటాన్‌చెరులో, హైవే పక్కన కార్ల సామాన్లు అమ్మే దుకాణం ముందు ఆ చప్పుడూ, కొత్త టైర్ల రబ్బరు వాసనా ఒకేసారి తగిలాయి. నేను ఈ మధ్యనే ఒక పాత కారు కొనుక్కున్నాను. చిన్నదే. జీపులా కాస్త ఎత్తుగా కనిపిస్తుంది గానీ లోపలంతా మామూలు కారే. ముందు చక్రాలు లాగితే వెనకవి వెంట వచ్చే రకం. దానికి టైర్లు మార్పిద్దామని వెళితే, నాకంటే ముందే మా మేనమామ నర్సింలు మామ అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్ల దగ్గర బుడగల కవరు చుట్టిన పెద్ద స్టీలు గార్డు. కారు మూతికి ముందు బిగిస్తారే, వంపు తిరిగిన లావు గొట్టాలు, అది. కవరులోంచే తళతళ మెరుస్తోంది. "నీకు చెప్పకుండ తెప్పిచ్చిన బిడ్డా," అన్నాడు మామ నవ్వు ఆపుకోలేక. "మేనమామను, నీ మొదటి కారుకు గీ మాత్రం పెట్టొద్దా? కొబ్బరికాయ గూడ తెచ్చిన." ఆ గార్డును చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. మామ మీద కాదు. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన ఎస్తేరు టీచర్ మీద.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. లక్డారం దాటాక, కంకర క్రషర్ల దుమ్ము మొదలయ్యే చోట చర్చి వాళ్లు నడిపే చిన్న బడి ఉంది. ఆ బడికి ఆమె హెడ్మిస్ట్రెస్. యాభై దాటిన పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, ముక్కు చివరకు జారే కళ్లద్దాలు. ఆమె గొంతు లేచిందంటే పక్క తరగతిలో ఉన్న టీచర్లు కూడా సర్దుకుని కూర్చునేవారు. నేను చర్చి మనిషిని కాను. జోగిపేట దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్లను, లెక్కలు చెప్పడానికి మొదటి ఉద్యోగంలో చేరాను. మొదటి రోజే ఆలస్యమైంది. గేటు దగ్గరే పట్టుకుంది. "బస్సు దొరకలేదు టీచర్, జోగిపేట నుంచి..." అని మొదలుపెట్టానో లేదో చెయ్యి అడ్డం పెట్టింది. "బస్సు సంగతి నేను అడిగిన్నా? మొహం జూడు ఎట్ల వాడిపోయిందో. ముందేంది? ముందు నీళ్లు తాగు. తర్వాత క్లాసుకు పో. నా తిట్లు మధ్యాహ్నం తిందువు గాని." మధ్యాహ్నం నిజంగానే పిలిచి తిట్టింది. తిట్టాక తన టిఫిన్ డబ్బాలోంచి సగం కూర నా అన్నంలో వేసింది. ఆ 'ముందేంది' అన్న మాట ఆమె నోట్లోనే పుట్టిందేమో అనిపించేది. పిల్లలు తగువు పడినా, పైకప్పు కురిసినా, టీచర్లు ఏడుస్తూ వచ్చినా మొదట అదే అడిగేది.

నేను పెరిగిన ఇంట్లో ఆడవాళ్లకు కోపం వస్తే గిన్నెలు కాస్త గట్టిగా కింద పెట్టేవాళ్లు, అంతే. మా అమ్మ కోపం ఏనాడూ వంటింటి గడప దాటలేదు. అందుకే ఎస్తేరు టీచర్‌ను చూస్తే నాకు పండగలా ఉండేది. ఆమె కోపం గేటు దాటి రోడ్డు మీదకు వెళ్లేది. పిల్లలను కుక్కి ఎక్కించుకున్న ఆటోవాడిని తిట్టేది. బడి ముందు హారను కొట్టిన టిప్పర్‌ను ఆపి, ఎక్కడో బిహార్ నుంచి వచ్చిన ఆ డ్రైవర్‌ను తన వచ్చీరాని హిందీలో చెడామడా తిట్టేది. "డ్రైవింగ్ కర్తే క్యా, పిల్లోళ్లను చంప్తే?" అంటే వాళ్లు పాపం తల వంచుకుని వెళ్లిపోయేవారు. ఆమె పక్కన నిలబడి నేనూ గొంతు పెంచడం నేర్చుకున్నాను. ఆడమనిషి అరిస్తే ఆకాశం విరిగి పడదని నాకు తెలిసింది అక్కడే. ఈ రోజు నేను పదిమందిలో నోరు తెరుస్తున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే. ఆ మాట చెప్పకుండా మిగతాది చెబితే న్యాయం కాదు.

బడికి అవతల, క్రషర్ల వెనక ఒక చిన్న పల్లె ఉంది. అక్కడి నుంచి నలుగురు ఆడపిల్లలు పదో తరగతికి వచ్చేవారు. టిప్పర్లు తిరిగి తిరిగి ఆ దారి దారిలా లేకుండా పోయింది. రెండు పక్కలా మోకాలి లోతు చాళ్లు, మధ్యలో రాళ్లు తేలిన గట్టు, దారిలో ఒకచోట నిట్టనిలువుగా దిగి ఎక్కాల్సిన వాగు. వానాకాలం రాగానే ఆటోవాళ్లు రామన్నారు. నడిచి రావాలంటే టిప్పర్ల మధ్య నడవాలి. చదువు మాన్పించి ఎక్కడో ఒకచోట పనికి పెడతామని తల్లిదండ్రులు చెప్పి పంపారు. ఆ నలుగురిలో అనిత అనే పిల్ల ఉండేది. లెక్కలంటే ప్రాణం. నేను బోర్డు మీద లెక్క సగం రాసేసరికే దాని పెదవులు జవాబు చెబుతుండేవి. "పిల్లలు రాలేకపోతే నేనే పోత," అంది ఎస్తేరు టీచర్. తన కోసం కొనుక్కున్న చిన్న కారు ఉంది, ఇప్పుడు నేను కొన్నదానిలాంటిదే. అయితే ఆ కారు ఉన్నది ఉన్నట్టుగా ఆ దారిలో పోలేదు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చేతికర్ర పట్టుకుని ఆ దారంతా నడిచి చూసింది. ఎక్కడ కడుపు తగులుతుంది, ఎక్కడ చక్రం జారుతుంది అని కర్రతో పొడిచి పొడిచి చూసి వచ్చింది.

మర్నాడు సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని కార్ల సామాన్ల దుకాణానికి వెళ్లింది. దుకాణదారు హుషారైన మనిషి. "మేడం, ముందుగాల లైట్ బార్ ఏపిద్దాం. రాత్రి పూట గూడ పగలు లెక్క కనబడ్తది. మీద కారియర్, పక్కలకు స్టిక్కర్లు. బండి లుక్కే మారిపోతది," అన్నాడు. "నేను పోయేది పొద్దుగాల. మీద సూర్యుడుంటడు. నీ లైటు ఎందుకు నాకు?" అంది ఆమె. తర్వాత వేళ్లు ముడుస్తూ చెప్పింది. "ముందేంది? నేల మీద ఆనేది. టైర్లు. రోడ్డు టైర్లు బురదల నున్నగైతయి, కంకర తగిలితే పక్కలు కోసుకపోతయి. పక్కలు గట్టియి, గాడులు లోతుగున్నయి ఎయ్యి. తర్వాతేంది? నేలకు తగిలేది. గట్టు తగిలి ఆయిల్ ఛాంబర్ పలిగితే బండి ఆడ్నే సస్తది, దాని కింద ఇనుప రేకు కొట్టు. ఇగ దిగబడ్డంక గుంజేది. హుక్కు, తాడు. కనబడేటియన్ని ఆఖరుకు." అతను బండి ఎత్తు పెంచుదామన్నాడు. "ఇప్పుడే ఒద్దు. ఊగుతది, పిల్లలకు కక్కొస్తది. టైర్లు ఎట్ల నడుస్తయో సూసి అప్పుడు జూద్దాం." ముందు బంపర్‌లో ఒక చిన్న మూత ఉంటుంది. దాన్ని తీస్తే లోపల మరలున్న రంధ్రం. కారుతో పాటు ఇచ్చే ఇనుప హుక్కును అందులో తిప్పి బిగిస్తే, తాడు కట్టి లాగించుకోవచ్చు. ఆ హుక్కును అతని చేత రెండుమూడుసార్లు బిగించి, విప్పించి, తుప్పు లేదని తేల్చుకుని గానీ ఆమె కదలలేదు.

ఆ వానాకాలమంతా కారు ఆగలేదు. నేను చాలాసార్లు పక్క సీట్లో కూర్చునేదాన్ని. కింద రేకు గట్టుకు రాసుకుంటూ కర్రుకర్రుమనేది. పిల్లలు ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా కాళ్లు పైకెత్తేవారు. టీచర్ స్టీరింగు మీదకు వంగి దారినీ, టిప్పర్లనూ, క్రషర్లు పెట్టినవాళ్లనూ, వాళ్లకు అనుమతులిచ్చినవాళ్లనూ వరసపెట్టి తిడుతూ నడిపేది. అయితే ఒక సంగతి నాకు అప్పుడే గుచ్చుకుంది. బడి వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా పిలిచింది ఎవరినో తెలుసా? ఆ క్రషర్ ఓనర్‌నే. బడికి చల్లని నీళ్ల మిషన్ ఇచ్చాడట. స్టేజీ మీద అతనికి శాలువా కప్పి, చేతులు జోడించి, నవ్వుతూ ఫోటో దిగింది ఎస్తేరు టీచర్. రోజూ తిట్టుకుంటూ పోయే దారి గురించి ఒక్క ముక్క అడగలేదు. తర్వాత నేను అడిగితే, "వచ్చిన అతిథిని తిడ్తరా పిల్లా? దానికి టైముంటది," అంది. ఆ టైము ఎప్పుడొస్తుందో ఆమె చెప్పలేదు.

పరీక్షలు దగ్గరికొచ్చాయి. వాటికి ముందరి శనివారం ప్రకాశం సార్ వచ్చి, కడిగించి తెస్తానని టీచర్ దగ్గర కారు తాళం తీసుకున్నాడు. ప్రకాశం సార్ చర్చి కమిటీ సెక్రెటరీ. ఫ్యాక్టరీలో ఉద్యోగ కాలమంతా వెల్డింగు చేసి రిటైరైన మనిషి. మంచివాడు. బడి మూసేద్దామని కమిటీలో కొందరు అన్నప్పుడు అడ్డం నిలబడ్డవాడు. టీచర్ భర్త చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చున్నవాడు. ఆదివారం మేము చర్చికి వెళ్లేసరికి కారు రిబ్బన్లతో గుమ్మం ముందు నిలబడి ఉంది. దాని మూతికి లావు గొట్టాల గార్డు. ఆయనే స్వయంగా వంచి, అతికి, నున్నగా సానపట్టాడు. మధ్యలో ఇత్తడి పలక, దాని మీద 'దేవుని మహిమార్థమై' అని, కింద ఆయన కుటుంబం పేరు. "ఆడపిల్లల్ని కూసుండబెట్టుకొని టిప్పర్ల నడుమ పోతున్నరు టీచరమ్మా. మీకేమన్న అయితే? ఇగ ఎవడొచ్చి గుద్దినా మీకేం గాదు," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు. చర్చి సంఘమంతా కారు చుట్టూ చేరి మోకాళ్ల మీద ప్రార్థన చేశారు. నేను చూస్తున్నది మాత్రం ఎస్తేరు టీచర్ కళ్లను. అవి నేరుగా బంపర్‌లో ఆ చిన్న మూత ఉండాల్సిన చోటికి వెళ్లాయి. అక్కడ లావు గొట్టం అడ్డంగా ఉంది. ఆమెకు తెలిసిపోయింది. "టీచర్, హుక్కు పెట్టే జాగ మూసుకపోయింది. బండి ముక్కు గూడ బరువుకు కిందికొచ్చింది," అన్నాను చెవిలో. "నాకు కనబడ్తలేదా? నోరు మూస్కో," అంది పళ్ల మధ్య నుంచి. తర్వాత ప్రకాశం సార్ వైపు తిరిగి నవ్వింది. "దేవునికి స్తోత్రం సార్. మస్తుగున్నది."

సోమవారం మళ్లీ అడిగాను. దుకాణానికి తీసుకుపోయి విప్పించేద్దాం అన్నాను. "ప్రార్థన జేసిన్రు మంజులా. ముసలోళ్లు గూడ మోకాళ్లేసిన్రు. నేను స్పానర్ తీస్కోని ఇప్పుకుంట కూసుంటే ఆయన మొహం ఎట్ల జూడాలె? పరీక్షలైనంక సూద్దాం," అంది. ప్రార్థన చేసిన వస్తువును విప్పకూడదని ఎక్కడా రాసి లేదు. పాస్టరు గారు కూడా అలా ఎన్నడూ చెప్పలేదు. అయినా ఆ సంఘంలో ఎవరూ విప్పరు. ఎప్పుడో ప్రార్థన చేసి ఇచ్చిన గోడ గడియారం ఆగిపోయినా సరే, చర్చి గోడకు అలాగే వేలాడుతుంటుంది. టైమెంతో తెలియాలంటే పక్కనే ఇంకొకటి తగిలించారు. గోడకు వేలాడే గడియారం ఎవరికీ హాని చేయదు. ఇది వాగులోకి దిగే బండి. అంత తెలిసిన మనిషి, అన్నిటికీ 'ముందేంది' అని అడిగే మనిషి, ఈ ఒక్కచోట ఆ మాట మింగేసింది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

లెక్కల పరీక్ష ముందు రాత్రి అకాల వాన కురిసింది. పొద్దున్నే టీచరూ నేనూ పల్లెకు వెళ్లి నలుగురినీ ఎక్కించుకున్నాం. పోయేటప్పుడు వాగు ఎలాగో దాటాం. తిరిగి వచ్చేటప్పుడు దిగుడులో కారు కాస్త జారింది, అంతే. గార్డు అవతలి గట్టులోకి పార దిగినట్టు దిగింది. టైర్లు మంచివే, ఉన్నచోట తిరుగుతూనే ఉన్నాయి గానీ మూతి మట్టిలో కూరుకుపోయి ఉంటే అవి మాత్రం ఏం చేస్తాయి? ఇంతకుముందు ఆ మూతి ఆ గట్టును తాకకుండా పైకి లేచేది. నేనూ పిల్లలూ దిగి చేతులతో మట్టి తోడాం. తెల్లటి యూనిఫారాలు మోకాళ్ల దాకా ఎర్రనయ్యాయి. అప్పుడే ఎదురుగా ఖాళీ టిప్పర్ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవర్ ఎవరో కాదు, టీచర్ చేత ఎక్కువసార్లు తిట్లు తిన్నవాడే. అతను తాడు తీసుకుని దిగాడు. "మేడంజీ, హుక్ కహా హై?" అన్నాడు. టీచర్ గార్డు వెనక్కి వేలు చూపించి, "ఇస్కే పీఛే," అంది. ఆ గొంతులో ఒక్క పిసరు కోపం లేదు. అతను వంగి చూశాడు, వేళ్లు దూర్చి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. దారి ఒక్క బండికే సరిపోయేది, కారు వెనక పక్కకు వెళ్లి లాగే వీలు లేదు. చేసేది లేక తాడు గార్డుకే కట్టాడు. టిప్పర్ గుంజింది. ఇనుము కీచుమంది. బోల్టులు తెగి, సగం బంపర్‌ను పీక్కుని గార్డు ఎగిరి బురదలో పడింది. కారు మాత్రం అంగుళం కదల్లేదు.

పిల్లలను టిప్పర్ కాబినులో కుక్కి, మేమూ ఎక్కాం. ఏ బండ్లు ఈ దారిని తిన్నాయో వాటిలోనే ఒకదాంట్లో వాళ్లను పరీక్షకు పంపాల్సి వచ్చింది. తిప్పుకునే చోటు దాకా అతను టిప్పర్‌ను వెనక్కి వెనక్కి నడిపాడు. పటాన్‌చెరులో పరీక్ష సెంటరు దగ్గర దిగేసరికి గేటు మూసేశారు. ఎస్తేరు టీచర్ గేటు ఊపింది. వాచ్‌మన్‌ను తిట్టింది. అక్కడున్న కానిస్టేబుల్‌ను తిట్టింది. "నా చేతులేముంది తల్లీ, నేను గేటు కాడ మనిషిని," అన్నాడు వాచ్‌మన్, అతనికీ బాధగానే ఉంది. లోపల నుంచి ఎవరో వచ్చి నిబంధన చెప్పి వెళ్లిపోయారు. ముగ్గురు పిల్లలు ఏడుస్తున్నారు. అనిత ఏడవలేదు. హాల్ టికెట్టు మీద పడిన బురదను గోటితో గీకుతూ నిలబడింది. లోపల గంట మోగింది. "టీచర్, ప్రశ్నలెట్లొచ్చినయో సాయంత్రం చెప్తరా?" అని నన్నడిగింది. ఆ మాట గుర్తొస్తే ఇవాళ్టికీ నాకు దేన్నైనా పట్టుకుని పగలగొట్టాలనిపిస్తుంది.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో కానుకలు పట్టే సమయంలో ఎస్తేరు టీచర్ లేచి బయటికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఒక కొస ఆమె చేతిలో, ఇంకో కొస నా చేతిలో. బురద ఎండిపోయిన ఆ వంకర గార్డును నడిమి దారి వెంట మోసుకుంటూ వెళ్లి, కానుక సంచులు పెట్టే బల్ల ముందు దించాం. పాట ఆగిపోయింది. "దేవునికిచ్చినం అన్నరు గదా. ఇగ ఆయన దగ్గర్నే ఉండనియ్యుండ్రి," అంది టీచర్. ప్రకాశం సార్ లేచి నిలబడ్డాడు. "టీచరమ్మా, నేను ప్రేమతోని జేసిన. నా చేతులతోని జేసిన," అన్నాడు. "తెలుసు సార్. నేను గూడ ప్రేమతోనే ఊకున్న. ఆ పిల్ల పరీక్ష పాయె," అంది ఆమె. అప్పుడు అరవలేదు. నేను విన్న ఆమె మాటలన్నింటిలోకీ మెల్లగా అన్న మాట అదే. ప్రకాశం సార్ ఆ ఇత్తడి పలక వంక చూస్తూ కూర్చుండిపోయాడు. ఆయన ఆమెతో మళ్లీ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం బడి వరండాలో కూర్చున్నాం. ఆమె క్రషర్ల వైపు తిరిగింది. "ఎస్తేరు టీచర్ తిట్టని మనిషి లేడంటరు గదా. అబద్ధం మంజులా," అంది. "ఆటోవాన్ని తిట్టిన, డ్రైవర్‌ను తిట్టిన, వాచ్‌మన్‌ను తిట్టిన. ఎవలకైతే ఎదురుచెప్ప శాతకాదో వాళ్లనే తిట్టిన. క్రషరాయనకు శాలువ కప్పిన. ప్రకాశం సార్‌కు స్తోత్రం చెప్పిన. నా కోపం గూడ గా లైట్ బార్ లెక్కనే. పది మందికి కనబడెటట్టు మీద పెట్టుకున్న. నేల మీద ఆనే జాగల ఏం లేకుండె." నేను ఓదారుస్తానని అనుకుందేమో. నేను ఓదార్చలేదు. "ఒక్క మాట, ఒద్దు సార్ అని ఒక్క మాట అంటే అయిపోయేది టీచర్," అన్నాను. "అవును," అంది. నాకు ఆ 'అవును' కూడా చాలలేదు. నేర్చుకున్నది ఆమె, దానికి ఫీజు కట్టింది అనిత. మిగతా ముగ్గురూ సప్లిమెంటరీ రాసి గట్టెక్కారు. అనితను వాళ్ల నాన్న రాయనివ్వలేదు. ఇంత రభస అయ్యాక ఇంకెందుకు అన్నాడు. ఎస్తేరు టీచర్ వాళ్లింటి గడపలో పూటంతా కూర్చుని బతిమాలినా వినలేదు.

తర్వాత ఆమె క్రషర్ ఆఫీసుకు వెళ్లింది. ఈసారి డ్రైవర్ల దగ్గర ఆగలేదు, నేరుగా ఓనర్ గదిలోకి వెళ్లి, శాలువా తనే కప్పానని, తనే తీసేసుకుంటున్నానని చెప్పి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. అతని మొహం చూడటానికి రెండు కళ్లు చాలలేదు. దారి బాగుపడిందా అంటే, లేదు. నాలుగు తట్టల మట్టి పోశారు, మొదటి వానకు కొట్టుకుపోయింది. నీళ్ల మిషను పాడైతే బాగుచేయించడానికి ఎవరూ రాలేదు. ఆమె మాత్రం కారు ముందు హుక్కును బిగించాక మళ్లీ ఎన్నడూ విప్పలేదు. వంకర బంపర్‌లోంచి అది బయటికి పొడుచుకుని ఉండేది. పక్కనుంచి పోయేవాళ్ల కాలి పిక్కలకు తగిలేది, వాళ్లు తిట్టుకునేవారు. "తగలనీ. యాదుంటది," అనేది. రెండేళ్లు అలాగే పిల్లలను తీసుకొచ్చింది. తర్వాత జబ్బు చేసింది, ఆసుపత్రి, అంతే. సమాధి దగ్గర ప్రకాశం సార్ అందరికంటే వెనక నిలబడి, అందరూ వెళ్లిపోయాక కూడా అక్కడే ఉన్నాడు. నాకు ఏడుపు రాలేదు. నాకు చాలా ఇచ్చిన మనిషి మీద కోపం తీరకముందే ఆ మనిషి పోతే, ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నేను నాలోనే పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆ బడి బాధ్యత నాది. క్రషర్లు పెరిగాయి, దారి ఇంకా చెడింది. ఆ పల్లె నుంచి ఈ ఏడు పదో తరగతికి వస్తున్న వాళ్లలో అనిత చెల్లెలు లావణ్య ఉంది. నేను కారు కొన్నది అందుకే. దుకాణం ముందు మామ కొబ్బరికాయ చేతిలో పట్టుకుని నా మొహంలోకి ఆశగా చూస్తున్నాడు. దుకాణదారు అప్పుడే కవరు చింపుతూ, "గార్డు పెడితే ఫైనేస్తరని పోలీసోళ్ల భయం గిట్ల వెట్టుకోకుండ్రి మేడం, గీ లోపలి రోడ్లల్ల ఎవలడుగుతరు?" అంటున్నాడు. నన్ను ఎత్తుకుని పెంచిన మామ. మా నాన్న పోయినప్పుడు మా ఇంటికి బియ్యం మోసిన మామ. 'మస్తుగున్నది మామా' అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆ క్షణంలో ఎస్తేరు టీచర్ ఎలా నవ్విందో నాకు ఒళ్లంతా తెలిసింది. తెలిసినందుకు ఇంకా మండింది. "ఒద్దు మామా," అన్నాను.

"ఏందే? తెచ్చినంక ఒద్దంటవా?" నవ్వుతూనే అన్నాడు, నేను ఆటపట్టిస్తున్నాననుకుని. "దీన్ని పెడితే హుక్కు మూసుకపోతది, మూతి గట్టుకు కొడ్తది. పిల్లల్ని తీస్కపోయే బండి మామా. ఒద్దు." "పెట్టుకో, నాలుగు రోజులైనంక తీసేద్దువు. నా ముంగటన్న పెట్టుకో. ఇంట్ల అందరికి చెప్పిన." అదే. సరిగ్గా అదే మాట. పరీక్షలైనంక సూద్దాం. "నాలుగు రోజులు గూడ ఒద్దు. నీకు కోపమొస్తే ఇప్పుడే రానియ్యి," అన్నాను. గొంతు పెంచలేదు. మామ మొహం చిన్నబోయింది. తెప్పించిన టీ తాగకుండానే లేచి, కొబ్బరికాయను స్కూటర్ డిక్కీలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇప్పటిదాకా ఫోన్ చేయలేదు, నేను చేస్తే ఎత్తడం లేదు. నేను ఆ రోజు టైర్లు మార్పించాను, కడుపు కింద రేకు కొట్టించాను, హుక్కు బిగించి అలాగే ఉంచమన్నాను. లైట్ల సంగతి దుకాణదారు ఎత్తనే లేదు.

నిన్న పొద్దున మొదటిసారి ఆ పల్లెకు వెళ్లాను. వాగు ఇవతలే అక్కాచెల్లెళ్లు ఇద్దరూ నిలబడి ఉన్నారు. అనిత ఇప్పుడు మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేస్తుంది. రాత్రి షిఫ్టు నుంచి నేరుగా వచ్చినట్టుంది, తలకు ఇంకా ఆ నీలం టోపీ ఉంది. నేను కారు ఆపి నవ్వాను. అనిత నవ్వలేదు. చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి ఆపి, తనొక్కతే కారు ముందుకు నడిచింది. వంగి బంపర్ కింద చూసింది. టైరును ఒకసారి కాలితో తన్నింది. తర్వాత బయటికి పొడుచుకుని ఉన్న హుక్కును గుప్పిట్లో పట్టుకుని, బలమంతా పెట్టి గుంజి చూసింది. అది కదల్లేదు. అప్పుడు లేచి, చేతులు దులుపుకుని, వెనక తలుపు తీసి చెల్లెలిని ఎక్కించింది.